తిరుగుటపా మేడం బోణీ

నాలుగింటికి వస్తామన్నారు, ఇప్పుడు మూడుంపావు, ఈ ముప్పావుగంటా కూర్చుని ఉండాలా నిలబడి ఉండాలా తేలక ఆవిడ కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగింది. కూర్చుంటే, తలుపు తీసుకుని వచ్చేవాళ్ళకి పాపం ఈవిడకి పనేమీ లేదు కాబోలు అనిపిస్తుంది, నిలబడితే గేలం వేసుకుని చేపకోసం నిలబడ్డట్టుంటుంది, కాబట్టి ఏదో రాసుకుంటున్నట్టు కూర్చోవడమే మర్యాద, కానీ రాసుకోవడానికి ఏముంది గనక, పెన్ను మూత తీసి పెట్టడం తప్ప. గది ఆవిడది కాదు. కళ్ళజోళ్ళ షాపు వెనక భాగం అది, పొద్దున్నపూట అక్కడ కళ్ళు పరీక్ష చేస్తారు, రెండు దాటాక ఖాళీ, ఆ ఖాళీని ఆవిడ వారానికి మూడు మధ్యాహ్నాలు అద్దెకి తీసుకుంది. ఎదుటి గోడ మీద అక్షరాల పట్టిక ఉంది, పైన గుమ్మడికాయంత అక్షరం ఒక్కటే, దాని కింద ఇంకాస్త చిన్నవి రెండు, కిందికి పోయేకొద్దీ చీమలబారు. ఈ దేశపు లిపిని ఆవిడ ఈ పట్టిక మీదే కూడబలుక్కుని నేర్చుకుంది. నాలుగో వరస దాకా గడగడా చదివేస్తుంది, ఐదో వరస దగ్గర ఆగిపోతుంది, ఆ ఆగిపోవడం కళ్ళ లోపమో భాష లోపమో తేల్చి చెప్పగల డాక్టరు ఈ ఊళ్ళో లేడు. షాపాయన మంచివాడు, మొదటిరోజే ఆవిడ పట్టిక వంక పెదాలు కదుపుతూ చూస్తుంటే కళ్ళజోడు కావాలేమో అనుకుని నాలుగు జతలు తెచ్చి పెట్టాడు, వద్దని చెప్పడానికి మాట దొరక్క ఆవిడ ఒకటి కొనేసింది, అదే ఇప్పుడు ముక్కు మీద ఉంది, దానితో దూరం బాగానే కనబడుతుంది గానీ దగ్గరున్నవే ఈదులాడుతున్నట్టుంటాయి.

దగ్గరున్నవంటే దరఖాస్తులు, దరఖాస్తులంటే ఆవిడ జీవితం. ఇరవయ్యారేళ్ళు ఒక కాలేజీలో అడ్మిషన్ల సెక్షన్లో పనిచేసింది, మొదట గుమాస్తా, చివరికి సూపరింటెండెంటు, మొదటినుంచి చివరిదాకా అదే కిటికీ, అదే స్టూలు, కిటికీ అవతల అదే వరస. ఫోటో వంకరగా అంటించారా, వెనక్కి. తండ్రి పేరుకి ముందు ఇంటిపేరు పొడి అక్షరం లేదా, వెనక్కి. కొట్టివేత పక్కన చిన్న సంతకం లేదా, వెనక్కి, పక్క కిటికీకి పొమ్మనడం కూడా లేదు, వెనక్కి అంటే ఇంటికే. పిల్లలు ఆవిడకి తిరుగుటపా మేడం అని పేరు పెట్టారని ఎనిమిదో ఏడు తెలిసింది, అటెండరు చెప్పాడు, బాధ పడుతుందనుకున్నాడు పాపం; ఆవిడకి బాధ వెయ్యలేదు, టపా తిరగాలంటే అసలు ఎవరో ఒకరు దాన్ని పూర్తిగా చదవాలి కదా, ఆ సెక్షన్లో పూర్తిగా చదివేది తనొక్కతే. ఆఖరి తేదీనాడు తాతగారు పోయారని ఉత్తరం పెట్టుకుని వచ్చేవాళ్ళు, గడువు పెంచమని. ఒకతని తాతగారైతే వరసగా మూడేళ్ళు అదే తేదీన పోయారు, మూడో ఏడు ఆవిడ ఉత్తరం మీద ఆకుపచ్చ సిరాతో 'గతంలో పోయి ఉన్నారు, ఫైలు చూడగలరు' అని రాసింది, దాని గురించి ప్రిన్సిపాలు గారు కూడా నవ్వారట, ఆవిడ మాత్రం నవ్వలేదు, అది నిజంగానే ఫైలులో ఉంది.

మూడూ ఇరవై. ఈ గడియారం కూడా షాపాయనదే, ప్రకటనది, ముళ్ళకి కళ్ళజోడు ఆకారం, అందుకని ఎప్పుడూ ఎవరో కనుబొమలు ఎగరేసి తనవంకే చూస్తున్నట్టుంటుంది. ఆయనకి, అంటే మొగుడికి, ఇక్కడ ఉద్యోగం వచ్చిందనీ, పిల్లకి మంచి బడి ఉందనీ ఆవిడ స్వచ్ఛంద విరమణ తీసుకుని వచ్చేసింది, వచ్చిన నెలకే నివాసపు కార్డుకోసం ఆఫీసుకి వెళ్ళి ఫారం నింపింది, నింపడమంటే మాటలా, ఇరవయ్యారేళ్ళ అనుభవం, ఒక్క కొట్టివేత లేదు, తీసుకెళ్ళి కిటికీలో పెడితే అవతలున్న అమ్మాయి దాన్ని తిప్పి ఇచ్చేసింది. సంతకం తోక గడి గీతని తాకిందట. రెండోసారి తోక తాకలేదు, ఫోటోలో చెవులు కనబడలేదు. మూడోసారి చెవులు కనబడ్డాయి గానీ తేదీలో నెల ముందు రాయాలట, రోజు తర్వాత. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి, ఎక్కడా విసుగు లేదు, ఎక్కడా జాలి లేదు, గోళ్ళతో గడిని ఒకసారి తట్టి కాగితాన్ని గాజు కిందనుంచి నెమ్మదిగా జరిపేది, ఆ జరపడాన్ని మేడం గుర్తుపట్టింది, అది తన జరుపుడే, అచ్చు తనదే, కొండ అద్దంలో కొంచెమైతే ఆ కొండని ఇన్నాళ్ళూ తనే మోయించిందన్నమాట జనంచేత. కోపం రాలేదు. శభాష్ అనుకుంది. నాలుగోసారి కాగితం అవతలే ఉండిపోయింది, బయటికి వచ్చి బస్సుకోసం నిలబడితే పిల్లలకి దరఖాస్తులు రాయడం నేర్పాలన్న ఆలోచన తట్టింది: వెనక్కి పంపడం తెలిసినవాళ్ళకే గదా వెనక్కి రాకుండా రాయడం తెలిసేది. దొంగకి తాళం వెయ్యడం తెలిసినట్టు. ఆ మాట ఇంటికి వెళ్ళి మొగుడితో అంటే, "దొంగ ఎవరిక్కడ?" అన్నాడు, ఆయనకి ఉపమానాలు పడవు.

ఆయన పనిచేసేది శీతల గిడ్డంగిలో, ఎండాకాలంలో కూడా రెండు స్వెట్టర్లు తొడుక్కుని వెళతాడు, వాళ్ళ సూపర్‌వైజరు ప్యాకింగులో ఒక చోటు ఖాళీ ఉంది మీ ఇంటావిడని రమ్మంటారా అని అడిగాడు, ఇవాళ ఐదింటిలోగా చెప్పాలి, ఐదు దాటితే ఇంకొకరిని తీసుకుంటారు. పొద్దున్న బూట్లు వేసుకుంటూ ఆయన అన్నాడు కదా, "నేనేం బలవంతం చెయ్యట్లేదు. నీ కోచింగో ఏదో, దానికి మనుషులొస్తే సరే. రాకపోతే అట్టపెట్టెలకి నీలాంటి మనిషే కావాలి, ఒక్క పెట్టె కూడా వంకర పోదు." అది మెచ్చుకోలే, ఆయన నోట అంతకన్నా మెచ్చుకోలు రాదు. ప్యాకింగు చిన్నతనమని కాదు, ఆవిడ చేతులు పనికి బెదరవు, కానీ ఇక్కడికి వచ్చి ఏడాదయింది, ఈ ఏడాదిలో ఒక్క మనిషి ఆవిడని ఒక్క విషయం అడగలేదు, ఒకాయన తప్ప, ఆయన అడిగింది స్టేషనుకి దారి, ఆవిడ చెప్పింది తప్పు, ఆయన ఆ దారినే చాలా నమ్మకంగా వెళ్ళిపోయాడు, ఇప్పటికీ ఎప్పుడైనా ఆయన గుర్తొస్తే ఎక్కడిదాకా వెళ్ళి ఉంటాడో అనిపిస్తుంది. అట్టపెట్టెలు అంతకన్నా ఏమీ అడగవు.

సరే, పోస్టరు. పోస్టరు సంగతి తలుచుకోకూడదు అనుకుంది, తలుచుకుంది. అడ్మిషన్ అన్న మాటకి ఈ భాషలో ఏమంటారో నిఘంటువులో చూసింది, రెండు మాటలున్నాయి, మొదటిది పొట్టిగా ముద్దుగా ఉంది, రెండోది రైలుబండి, ఆవిడ మొదటిది తీసుకుంది. పది పోస్టర్లు, స్వయంగా అంటించింది, బస్టాపులో, లాండ్రీ గోడకి, గ్రంథాలయం మెట్ల దగ్గర. మూడో రోజున ఒక ముసలాయన వచ్చాడు, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చాలా సేపు నేల చూపులు చూశాడు, మనవడి కోసం వచ్చి ఉంటాడు, సీటు విషయం బెంగగా ఉందేమో అని ఆవిడ మంచినీళ్ళిచ్చింది, ఆయన తాగి, పద్ధెనిమిదేళ్ళ కిందట పక్కింటివాళ్ళ నిచ్చెన తీసుకెళ్ళింది తనేనని చెప్పాడు. ఆవిడకి నిచ్చెన అన్న మాట తెలియదు, ఆయన చేతులతో ఎక్కి చూపించాడు. పైకి రావాలనుకుంటున్నాడు కాబోలు, పైచదువు అనుకుని ఆవిడ గట్టిగా తలూపింది, చాలా మంచి నిర్ణయం అని కూడా అంది, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. మర్నాడు ఇద్దరు ఆడవాళ్ళు. ఆ సాయంత్రం కూతురు, పదిహేనేళ్ళది, ఇక్కడి భాష నీళ్ళలా తాగేసింది, బస్టాపులో పోస్టరు చూసి అక్కడే కూలబడి నవ్వి ఇంటికొచ్చి, "అమ్మా, నువ్వు రాసిన మాటకి తప్పు ఒప్పుకోవడం అని అర్థం. 'చేసిన తప్పులు ఒప్పుకోవడంలో ఇరవయ్యారేళ్ళ అనుభవం. ఫలితం ఖాయం' అని రాశావు" అంది. మొత్తం పది పోస్టర్లూ చింపి తెచ్చారు తల్లీకూతుళ్ళు, పిల్ల కొత్తవి చేసింది, అడుగున తనంతట తనే ఒక చిన్న లైను పెట్టింది తెలుగులో, 'తెలుగులో కూడా మాట్లాడవచ్చు' అని, ఎవరు చదువుతారే ఇక్కడ అంటే, "నువ్వు చదువుతున్నావుగా" అంది. ఆ లైను చూసే ఫోన్ వచ్చింది, మొన్న.

"అమ్మా, సీట్లిప్పించేది మీరేనా?" పెద్ద వయసు గొంతు.

"ఇప్పించనండీ. దరఖాస్తు ఎలా రాయాలో చెబుతాను."

"అదే అదే. మా మనవరాలిని తీసుకొస్తాను, నాలుగింటికి. ఉంటారుగా?"

ఉండక ఎక్కడికి పోతుంది. నాలుగయింది, గడియారం పెద్దముల్లు నిటారుగా లేచింది, ఎవరూ రాలేదు. నాలుగూ ఐదు. రాకపోతే మాత్రమేం, ఐదింటికి ఫోన్ చేసి సరే అనేస్తుంది, అట్టపెట్టెలు వరసగా పెడుతుంది, మరీ విసుగనిపిస్తే ఒకటి రెండు వెనక్కి పంపుతుంది. అసలు ఇక్కడి కాలేజీ దరఖాస్తే ఒక వింత, మార్కులు చూస్తారు గానీ అది కాదట ముఖ్యం, ఒక తెల్లకాగితం ఇచ్చి నీ గురించి నువ్వు రాయి అంటారట, గళ్ళు లేవు, చుక్కలు లేవు, ఎక్కడ మొదలుపెట్టాలో బాణం గుర్తు కూడా లేదు. పిల్లలకి చెప్పేముందు తను రాసి చూద్దామని ఆవిడ ఒక ఆదివారం కూర్చుంది, పేరు రాసింది, పుట్టిన తేదీ రాసింది, చిరునామా రాసింది, గంటన్నర కిటికీలోంచి చూసింది, చివరికి 'పై వివరములు నేనెరిగినంతవరకు వాస్తవములు' అని రాసి సంతకం పెట్టేసింది. మొగుడు చదివి, తప్పులేం లేవన్నాడు. నాలుగూ పది. నాలుగూ పద్ధెనిమిది. షాపులో గంట మోగింది, కళ్ళజోళ్ళకోసమేమో, కాదు, చెప్పుల చప్పుడు ఇటే వస్తోంది, ఆవిడ గబుక్కున కూర్చుని, మళ్ళీ లేచి, మళ్ళీ కూర్చుని పెన్ను మూత తీసింది.

ముందు పెద్దావిడ వచ్చింది, డెబ్బై దాటి ఉంటాయి, భారీ మనిషి, చెవుల దాకా ఉన్ని టోపీ, వెనక పద్ధెనిమిదేళ్ళ మనవరాలు, బక్కపలచన, సంచీ గుండెలకి కరిపించుకుని, ఎటో పారిపోయేదానిలా. పెద్దావిడ కుర్చీలో సర్దుకుని గది నలువైపులా చూసి అక్షరాల పట్టిక దగ్గర ఆగి, "మొదటి తరగతి నుంచీ చెబుతారన్నమాట" అంది మెచ్చుకోలుగా. పిల్ల మాట్లాడకుండా ఒక కాగితం తీసి ఇచ్చింది, తన గురించి తను రాసుకున్నది, పేజీన్నర, ఇక్కడి భాషలో, ముత్యాల్లాంటి అక్షరాలు. మేడం కళ్ళజోడు తీసేసి వేలుపెట్టి చదవడం మొదలుపెట్టింది, ఒక్కో మాటా దాటుకుంటూ, వాగులో రాళ్ళ మీద నడిచినట్టు, అంతసేపు చదువుతున్నారంటే మా పిల్ల బాగా రాసిందన్నమాటే అని పెద్దావిడ సంతోషంగా చూస్తోంది, సగం పేజీ దగ్గరికొచ్చేసరికి ఆవిడ వేలు ఆగిపోయింది. ఆ మాట ఆవిడకి తెలుసు, నివాసపు కార్డు ఫారంలో ఉంది, తల్లిదండ్రులు జీవించి ఉన్నారా లేదా అన్న గడిలో. తలెత్తి పెద్దావిడ వంక చూసింది. మళ్ళీ కాగితం వంక చూసింది. గతంలో పోయి ఉన్నారు.

"ఏం రాసిందమ్మా?" అంది పెద్దావిడ. "నాకూ చెప్పండి. ఇంట్లో అడిగితే నీకర్థం కాదంటుంది."

మేడం పిల్ల వంక చూసింది, నువ్వు చెబుతావా నన్ను చెప్పమంటావా అన్నట్టు. పిల్ల గోడ మీది ఐదో వరసని చాలా శ్రద్ధగా చదువుతూ, "ఇందులో నువ్వు చనిపోయావు, నాన్నమ్మా" అంది.

"ఓహో," అంది పెద్దావిడ. కొంచెం ఆలోచించింది. "ఎలా పోయాను?"

"గుండెపోటు. నేను పక్కనే ఉన్నాను. నీ చెయ్యి పట్టుకుని ఉన్నాను. అప్పుడే డాక్టర్ అవ్వాలని నిర్ణయించుకున్నాను."

"బాధపడ్డానా?"

"లేదు. నవ్వుతూ."

"అయితే ఫర్వాలేదు." మేడం వైపు తిరిగి గొంతు తగ్గించి, "దీనికి సీటొస్తుందంటారా? వస్తుందంటే ఉంచెయ్యండి. ఎలాగూ పోయేదాన్నే, సీటొచ్చాక పోతే దండగ కదా" అంది.

అందరూ ఇలాగే రాస్తారని పిల్ల చెప్పింది, తన స్నేహితురాలు తమ్ముణ్ణి చంపిందని, ఏడిపించకపోతే ఎవరూ చదవరని. మేడం వింటోంది గానీ ఆవిడ చెవుల్లో కిటికీ, వరస, ఆఖరి తేదీల చప్పుడు, అవతలి ఆఫీసులో కూడా ఒక తిరుగుటపా మేడం ఉండే ఉంటుంది, ఉండకుండా ఎలా ఉంటుంది, చలిగదిలాంటి గదిలో స్టూలు మీద కూర్చుని ఈ ఏడాది పోయిన నాన్నమ్మల్ని లెక్కపెడుతూ. మొన్నటినుంచీ ఈ ఒక్క పిల్లకోసం కాచుకుంది. సరే అంటే సరిపోతుంది, అక్కడక్కడా కామాలు దిద్ది ఇచ్చేస్తే చాలు, బోణీ అవుతుంది, బోణీ బేరం కాలదన్నకూడదంటారు. కానీ ఆవిడ నోరు ఆవిడ మాట ఎప్పుడు విన్నది గనక.

"బతికున్న మనిషిని చంపి నేను దరఖాస్తు పంపనమ్మా," అంది. "ఇది వెనక్కి వస్తుంది. రాకపోయినా నేను పంపను."

పిల్ల మొహం ఎర్రబడింది. "నాన్నమ్మ బతికుంటే ఇంక రాయడానికేముంది?" అంది, కాగితం మడిచింది. పెద్ద బజారులో ఇంకొకాయన ఉన్నాడట, ఆయనైతే మొత్తం ఆయనే రాసిచ్చేస్తాడట, అని సంచీ జిప్పు లాగింది, జిప్పు సగంలో ఇరుక్కుంది, అప్పుడు ఫోన్ మోగింది. ఐదవడానికి ఇంకా ఎనిమిది నిమిషాలు.

"ఏం చెప్పమంటావు?" అన్నాడు మొగుడు. వెనకాల గిడ్డంగి ఫ్యాన్ల హోరు. "సూపర్‌వైజరు నా ఎదురుగా ఉన్నాడు."

ఆవిడ జిప్పుతో కుస్తీ పడుతున్న పిల్లని చూసింది, ఎటూ వెళ్ళే ఉద్దేశం లేనట్టు కుర్చీ నిండా కూర్చున్న పెద్దావిడని చూసింది. "నేను పనిలో ఉన్నానండీ," అంది.

"అంటే, అక్కర్లేదని చెప్పనా?"

"అంటే, పనిలో ఉన్నాను అని చెప్పండి."

పెట్టేసింది, ఫోన్ బల్ల మీద బోర్లించింది. చేతిలోది పోయె, చెట్టు మీదిది జిప్పు లాగుతోంది. ఏదో ఒకటి అడగాలి, అడగడం ఆవిడకి అలవాటు లేదు, ఇరవయ్యారేళ్ళలో కిటికీ అవతలివాళ్ళని ఆవిడ అడిగినవన్నీ లేనివే, సంతకమేది, నకలేది, ఫోటో ఏది. ఉన్నదాని గురించి ఒక్కసారి కూడా అడగలేదని ఇప్పుడే తోచింది. "చనిపోయిన నాన్నమ్మ చెయ్యి పట్టుకున్నావు సరే," అంది, "ఈ బతికున్న నాన్నమ్మతో రోజూ ఏం చేస్తావు?"

"ఏం చెయ్యను. సాయంత్రాలు నాన్నమ్మకీ పక్కింటావిడకీ మధ్య కూర్చుంటాను."

"కూర్చుని?"

పిల్ల నాన్నమ్మ వంక ఒకసారి చూసి, ఉన్నట్టుండి ఇక్కడి భాషలోకి మారిపోయింది, చాలా వేగంగా, నీళ్ళ పంపు విప్పినట్టు, మేడం మాటా మాటా పట్టుకుంటూ వెంటబడింది. ఏడాదిన్నర కిందట కొత్తగా ఆ ఇంట్లో దిగినప్పుడు పక్కింటి ముసలావిడ తలుపు కొట్టిందట, మీ నాన్నమ్మ ఏనుగులా నడుస్తోంది, నా గోడలన్నీ అదురుతున్నాయి, చెప్పు ఆవిడకి అందట. నడక ఎంత హుందాగా ఉందో అంటోంది నాన్నమ్మా అని తను చెప్పిందట. దానికి నాన్నమ్మ, దాని మొహం మండ, దాని పిల్లి వచ్చి నా గుమ్మం పాడుచేస్తోంది, ఈసారి కనబడితే చీపురు తిరగేస్తాను చెప్పు దానికి అందట. మీ పిల్లి చాలా అందంగా ఉంది, తరచూ పంపించండి అంటోంది మా నాన్నమ్మ అని తను చెప్పిందట. ముసలావిడ నోరు తెరిచి ఉండిపోయి, తర్వాత నవ్విందట. మర్నాడు పిల్లిని ఎత్తుకుని వచ్చి కూర్చుందట. అప్పట్నుంచీ రోజూ. మొదట్లో వాళ్ళన్న ప్రతి మాటా మార్చాల్సి వచ్చేదట, తర్వాత సగం, ఇప్పుడు దాదాపు ఏదీ మార్చక్కర్లేదు, ఇద్దరూ ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగుతున్నారు. "కానీ అది రాయలేను," అంది పిల్ల, "నాన్నమ్మకి తెలిస్తే అంతా పోతుంది."

పెద్దావిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. "ఏమంటోందమ్మా? అంత పొడుగు చెప్పింది."

తప్పుడు కాగితం ఒక్కటి కూడా చెయ్యి దాటనివ్వని మనిషి, నకలు మీద నకలు అని లేకపోతే నిద్రపట్టని మనిషి, కళ్ళజోడు పెట్టుకుని, "మీరు తనని చాలా గారాబంగా చూస్తారని చెబుతోందండీ" అంది. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

"అది కాదు లెండి," అంది పెద్దావిడ. "మధ్యలో మూడుసార్లు పిల్లి అంది. ఈ భాషలో నాకొచ్చిన ఆరు మాటల్లో అదొకటి."

షాపులో ఎవరికో షాపాయన అద్దం చూపిస్తూ బాగుంది బాగుంది అంటున్నాడు.

"మొదటిరోజే తెలుసే నాకు," అంది పెద్దావిడ మనవరాలితో. "తిట్టేటప్పుడు ముక్కు ఎగరెయ్యడం ఏ భాషలోనైనా ఒకటే. పైగా నేనన్నవి నాలుగు ముక్కలు, నువ్వు దానికి చెప్పింది నలభై. తిట్టు అంత పొడుగుంటుందా ఎక్కడైనా?"

"మరి ఎందుకు చెప్పలేదు?" అంది పిల్ల.

"అది నవ్వింది కదే. ఈ ఊరొచ్చాక నన్ను చూసి ఒక మనిషి నవ్వడం అదే మొదలు. చేతులారా పాడుచేసుకుంటానా? నువ్వూ కష్టపడుతున్నావు, పోనీలే అనుకున్నాను." టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది, నెరిసిన జుట్టు ఒకపక్క లేచి నిలబడింది. "ఇంతకీ ఆ రోజు అది నన్నేమంది? అసలు మాట చెప్పు."

పిల్ల సంచీ కింద పెట్టింది. "ఏనుగంది."

పెద్దావిడ ఆలోచించింది. "నేను దాన్ని అన్నదానికి అది తక్కువే," అంది, భుజాలు కదిలాయి, కుర్చీ కిర్రుమంది, నవ్వు బయటికి రావడానికి కాస్త సమయం పట్టింది గానీ వచ్చాక ఆగలేదు, పిల్ల కూడా నవ్వుతోంది, చేత్తో మొహం కప్పుకుని, అది నవ్వో ఏడుపో మేడానికి తెలియలేదు, అడగాలనుకోలేదు కూడా, ఒక కాగితమూ పెన్నూ వాళ్ళ వైపు జరిపింది. పిల్ల ముక్కు తుడుచుకుని కాగితం మీదికి వంగింది, ఒక్క బిగిన ఒక వాక్యం రాసి తిప్పి చూపించింది. మేడం వేలుపెట్టి చదివింది. *మా పక్కింటావిడ మా నాన్నమ్మని ఏనుగు అంది, నేను ఆ మాట మార్చేశాను.*

రెండోసారి వేలు పెట్టకుండా చదివింది. కుర్చీ ముందుకి లాక్కుంది.

"తర్వాత?" అంది.